ఆరుగురు చాలు

టెక్సస్‌లో ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా శుక్రవారం సాయంత్రం ఎవరినైనా భోజనానికి పిలిస్తే "ఆ రోజు గేమ్ ఉంది కదండీ" అంటారు. గేమ్ అంటే హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఆడే పిల్లల తల్లిదండ్రులే కాదు, బ్యాండులో వాయించే పిల్లలు, చీర్‌లీడర్లు, వాళ్ళ తాతమ్మలు, ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట అదే బడిలో చదివినవాళ్ళు కూడా ఆ పూట మైదానంలోనే ఉంటారు. ఈ సాయంత్రాన్ని కాపాడటానికి ఒక చట్టం కూడా ఉంది. 1961లో అమెరికా కాంగ్రెస్ చేసిన క్రీడా ప్రసారాల చట్టం ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగుకు టీవీ హక్కులను ఉమ్మడిగా అమ్ముకునే వెసులుబాటు ఇస్తూనే, సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా శుక్రవారం రాత్రుల జోలికి, శనివారాల జోలికి రావద్దని షరతు పెట్టింది. టీవీలో పెద్ద ఆట వస్తుంటే బడి పిల్లల ఆటకూ కాలేజీ ఆటకూ జనం రారని భయం. అరవై ఏళ్ళు దాటినా ఆ షరతు అలాగే ఉంది.

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మా అబ్బాయి వాళ్ళ బడి బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తాడు. వేలమంది పిల్లలున్న బడి కాబట్టి ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరకడమే గొప్ప. ఇక్కడికి ఉత్తరాన అలెన్ అనే ఊళ్ళో హైస్కూలు జట్టు కోసమే 2012లో సుమారు 6 కోట్ల డాలర్లతో స్టేడియం కట్టారు, 18,000 మంది కూర్చోవచ్చు. మా దగ్గరికి వచ్చే చుట్టాలందరికీ అలాంటివే చూపిస్తాం. ఈసారి నాన్న వచ్చినప్పుడు మాత్రం నాకు అలా అనిపించలేదు. ఆయన ఇల్లందులో పుట్టి, సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు నింపే కార్మికుడిగా చేరి, రిటైరయ్యేదాకా భూమి కింద పనిచేసిన మనిషి. ఆయనకు అద్దాల మేడలు చూపించి చూపించి నాకే విసుగొచ్చింది. ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడది స్ట్రాన్ అనే పల్లె. "మా ఊరి హోమ్‌కమింగ్ ఆటకు రండి, మీ నాన్నగారినీ తీసుకురండి, దారిలో ఒక పాత బొగ్గు గని ఊరు కూడా వస్తుంది" అంది. బొగ్గు అన్న మాట వినగానే నాన్న బయల్దేరడానికి సిద్ధం.

స్ట్రాన్ డాలస్‌కు పడమరన, ఐ-20 హైవే మీద ఇంచుమించు వంద మైళ్ళు. ఫోర్ట్‌వర్త్ దాటేదాకా ట్రాఫిక్ తప్ప చెప్పుకోవడానికేం లేదు. వెదర్‌ఫర్డ్ దాటాక నేల ఎత్తుపల్లాలవుతుంది, ఊళ్ళు దూరం దూరంగా జరుగుతాయి, రోడ్డుకు అటూ ఇటూ ముళ్ళ చెట్లు మొదలవుతాయి. "ఇది సర్కారు తుమ్మ కదా బిడ్డా" అన్నాడు నాన్న. నిజానికి దానికి అక్కచెల్లెలే. ఇక్కడ మెస్కీట్ అంటారు. మన చెరువు గట్లను కమ్మేసిన సర్కారు తుమ్మ కూడా ఈ అమెరికా ఖండాల నుంచే వచ్చింది. ఇక్కడ మెస్కీట్‌ను పశువుల మేపు నేలలో పెరిగే మొక్కగా, మంట మీద మాంసం కాల్చే కట్టెగా చూస్తారు.

స్ట్రాన్‌కు కొద్దిగా ముందు, రహదారి పక్కనే 128 అడుగుల ఇటుక పొగగొట్టం ఒకటి ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది. అది థర్బర్. 1880ల చివర్లో టెక్సస్ అండ్ పసిఫిక్ కోల్ కంపెనీ ఇక్కడ పాగా వేసి రైలింజన్లకు బొగ్గు తవ్వింది. ఇళ్ళు, దుకాణాలు, బడి, చర్చి, నాటకశాల, అన్నీ కంపెనీవే. ఇటలీ, పోలండ్ లాంటి దేశాల నుంచి వచ్చిన కార్మికులతో ఒక దశలో జనాభా ఎనిమిది నుంచి పది వేల దాకా ఉండేదట. ఇక్కడ కాల్చిన ఇటుకలతో ఫోర్ట్‌వర్త్‌లో, ఆస్టిన్‌లో రోడ్లు పరిచారు. 1917లో అదే కంపెనీ పక్కనున్న రేంజర్‌లో చమురు కనిపెట్టింది. రైలింజన్లు బొగ్గు మానేసి చమురుకు మారాయి. 1920ల్లో గనులు మూతపడ్డాయి, 1930ల్లో ఊరినే విప్పేశారు. కార్మికుల ఇళ్ళను కూడా అమ్మి పట్టుకుపోయారు.

అక్కడ టార్ల్‌టన్ స్టేట్ యూనివర్సిటీ నడిపే మ్యూజియం ఉంది. నాన్న ఒక్కో ఫొటో దగ్గరా చాలాసేపు ఆగాడు. థర్బర్ బొగ్గు పొర మందం రెండడుగులకు కాస్త అటూ ఇటూ. అందుకని కార్మికులు ఒక పక్కకు పడుకుని, భుజం నేలకానించి పికాసుతో తవ్వేవాళ్ళు. నాన్న తన మోచేతి నుంచి వేళ్ళ దాకా కొలిచి చూపించాడు. "మా దగ్గర నిలబడి తవ్వే పొరలు. ఇట్ల పండుకొని పనిచేస్తే మనిషి ఎన్నేండ్లు బతుకుతడు?" అన్నాడు. 1903లో ఈ కార్మికులంతా కలిసి సంఘం కట్టి కూలీ పెంచుకున్నారని, ఊరు మొత్తం యూనియన్‌లో చేరిందని రాసి ఉన్నది చదివి వినిపించాను. ఆ మాటకు ఆయన మొహం వెలిగింది. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది ఇల్లందులోనే. ఆయన కళ్ళ ముందే అక్కడి ఇంక్లైన్లనే గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బయటికి వస్తూ "మరి ఇక్కడోళ్ళు అందరూ ఏడికి పోయిన్రు?" అని అడిగాడు. కొందరు చమురు బావులకు, కొందరు ఫోర్ట్‌వర్త్‌కు. పక్కనున్న స్ట్రాన్ కూడా బొగ్గు ఊరే. థర్బర్ పోయింది, స్ట్రాన్ మిగిలింది. ఇప్పుడక్కడ ఐదారు వందల మంది ఉంటారు.

స్ట్రాన్ పేరు టెక్సస్‌లో రెండిటికి వినిపిస్తుంది. ఒకటి మేరీస్ కఫే. అక్కడి చికెన్ ఫ్రైడ్ స్టేక్ కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మనవాళ్ళు తెలుసుకోవలసిందేమంటే పేరులో చికెన్ ఉన్నా అది గొడ్డుమాంసం, పిండిలో ముంచి వేయిస్తారు. రెండోది గ్రేహౌండ్స్, వాళ్ళ హైస్కూలు జట్టు. ఈ జట్టు రాష్ట్ర ఛాంపియన్‌షిప్ ఒకటికి మించి గెలిచింది. ఇంత చిన్న ఊరు రాష్ట్రంలోనే మొదటి స్థానానికి ఎలా వస్తుందంటే, వాళ్ళు ఆడేది ఆరుగురి ఫుట్‌బాల్.

ఈ ఆట కథ నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. 1930ల ఆర్థిక మాంద్యంలో నెబ్రాస్కాలోని చెస్టర్ అనే చిన్న ఊళ్ళో స్టీఫెన్ ఎప్లర్ అనే యువ ఉపాధ్యాయుడు ఉండేవాడు. చిన్న బడుల్లో పదకొండు మంది మగపిల్లలు దొరకరు, దొరికినా అందరికీ హెల్మెట్లు కొనే డబ్బుండదు. దాంతో ఆ ఊళ్ళ పిల్లలకు అసలు ఆటే లేకుండా పోయింది. ఎప్లర్ జట్టుకు ఆరుగురు చాలని నియమాలు రాశాడు. 1934 సెప్టెంబరులో హెబ్రన్ అనే ఊళ్ళో మొదటి ఆట జరిగింది. రెండేసి బడుల పిల్లల్ని కలిపి రెండు జట్లు చేశారు. 19-19తో సమం. నాలుగేళ్ళకు, 1938లో, ఈ ఆట టెక్సస్‌కు వచ్చింది. ఇవాళ ఈ రాష్ట్రంలో వందకు పైగా బడులు ఆరుగురి జట్లతో ఆడుతున్నాయి. ప్రభుత్వ బడుల పోటీలు నడిపే యూఐఎల్ అనే సంస్థ 1910 నుంచి ఉంది. ఆటలతో పాటు స్పెల్లింగు, గణితం, ఏకాంక నాటకాల పోటీలు కూడా అదే పెడుతుంది. హైస్కూల్లో పిల్లలు 105 మందికి లోపుంటే ఆరుగురితో ఆడొచ్చని దాని నిబంధన. రెండేళ్ళకోసారి లెక్క సరిచూస్తారు.

నాన్నకు ఆట వివరించడానికి కబడ్డీతో మొదలుపెట్టాను. ఎదుటి జట్టును తప్పించుకుని గీత చేరడమే ఇక్కడా లక్ష్యం. ఆ చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. మామూలు ఆటలో మైదానం 100 గజాల పొడవు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలిస్తారు, జరగకపోతే బంతి అవతలి వాళ్ళకు పోతుంది. ఆరుగురి ఆటలో మైదానం 80 గజాల పొడవు, 40 గజాల వెడల్పు. నాలుగు ప్రయత్నాల్లో 15 గజాలు జరగాలి. పదకొండు మంది ఆటలో దేహం అడ్డుపెట్టడమే తప్ప బంతి పట్టే హక్కు లేని లావుపాటి పిల్లలు ఐదుగురుంటారు. ఇక్కడ ఆరుగురిలో ఎవరైనా బంతి అందుకోవచ్చు. బంతిని మొదట అందుకున్నవాడు తానే పట్టుకుని, ఆ ప్రయత్నం మొదలైన గీత దాటి పరిగెత్తకూడదు, ఇంకొకడికి ఇవ్వాల్సిందే. ఎప్లర్ పెట్టిన నియమాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఒక్క గట్టి పిల్లాడు జట్టంతా తానే అయిపోకుండా అది ఆపుతుంది.

ఇంకో వింత ఉంది. టచ్‌డౌన్ తర్వాత బంతిని కాలితో గోల్ స్తంభాల మధ్య తన్నితే మామూలు ఆటలో ఒక పాయింటు, పరిగెత్తి గీత దాటితే రెండు. ఇక్కడ తిరగేశారు. తన్నితే రెండు, పరిగెత్తితే ఒకటి. అడ్డంగా నిలబడి కాచేవాళ్ళు తక్కువ కాబట్టి తన్నడమే కష్టం. అలాగే సగం ఆట అయ్యాక ఎప్పుడైనా ఒక జట్టు 45 పాయింట్లు ముందుంటే ఆట అక్కడితో ఆపేస్తారు. మైదానంలో ఖాళీ ఎక్కువ, మనుషులు తక్కువ కావడంతో స్కోర్లు అరవై, డెబ్బై దాకా పోవడం మామూలే. ఓడిపోయే పిల్లల్ని అవమానపరచకుండా ఇంటికి పంపడానికి ఆ నియమం పెట్టారు. ఇది చాలా మంచి నియమమని నా అభిప్రాయం.

స్ట్రాన్ మైదానం గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక పెద్దావిడ టికెట్లు ఇస్తోంది. మమ్మల్ని చూసి "మీ పిల్లాడెవరమ్మా?" అంది. ఆ ప్రశ్నలో వింత చూపేమీ లేదు. ఆటకు వచ్చినవాళ్ళు ఏదో ఒక పిల్లాడి తాలూకు అయి ఉండాలని ఆవిడ లెక్క. మా ఆఫీసావిడ పేరు చెప్పగానే లేచి నిలబడి నాన్న చెయ్యి పట్టుకుంది. బొగ్గు గనిలో పనిచేశాడని తెలిసి, తన తాతది కూడా అదే పనని చెప్పి, ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టింది.

ఆ రోజు హోమ్‌కమింగ్. ఏడాదికోసారి పూర్వ విద్యార్థులంతా సొంత బడి ఆటకు తిరిగొచ్చే రోజు. మిడ్‌లాండ్ చమురు క్షేత్రాల నుంచి, ఫోర్ట్‌వర్త్ నుంచి వచ్చిన పికప్ ట్రక్కులు పచ్చిక మీద బారులు తీరాయి. ఆడపిల్లల మెడలో పెద్ద పెద్ద పూల అలంకారాలు వేలాడుతున్నాయి. వాటిని మమ్ అంటారు. పూర్వం నిజం చామంతిపువ్వుకు రెండు రిబ్బన్లు కట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు పువ్వు గుడ్డది, పళ్ళెమంత ఉంటుంది. మా పక్కన కూర్చున్న అమ్మాయి తన మమ్‌ను చూడనిచ్చింది. మధ్యలో చిన్న ఎలుగుబంటి బొమ్మ, దాని కింద జడలల్లిన రిబ్బన్లు చీలమండల దాకా, రిబ్బన్ల మీద ఆ అమ్మాయి పేరూ ఆమె స్నేహితుడి పేరూ మెరిసే అక్షరాల్లో, వాటి మధ్య బుజ్జి ఫుట్‌బాళ్ళు, ఇత్తడి గంటలు. నడిస్తే గలగలమంటుంది. బరువుకు మెడ నొప్పి పుడుతుందని వాళ్ళమ్మ వెనకనుంచి ఒక పట్టీ కుట్టింది. ఆఖరి సంవత్సరం పిల్లలవి మాత్రం తెలుపు, వెండి రంగుల్లో ఉంటాయి. వాటిని చూస్తేనే ఎవరు వచ్చే ఏడాదికి ఊరు విడిచి వెళ్తారో తెలిసిపోతుంది. అబ్బాయిలు ఇలాంటిదే చిన్నది భుజానికి కట్టుకుంటారు.

ఆట మొదలైన కాసేపటికే పిల్లల అలుపు కనిపించింది. పెద్ద బడుల్లో దాడికి ఒక బృందం, రక్షణకు ఇంకో బృందం. ఇక్కడ బంతి చేతులు మారినా పిల్లలు మారరు. బెంచీ మీద మిగిలేది నలుగురో ఐదుగురో. ఒకడికి బూటు తాడు తెగితే కోచ్ తన బూటు తాడు విప్పి ఇచ్చాడు. నాన్నకు బాగా నచ్చింది గొలుసు. మైదానం అంచున ముగ్గురు ఊరివాళ్ళు రెండు కర్రల మధ్య 15 గజాల గొలుసు పట్టుకుని నడుస్తుంటారు. అనుమానం వస్తే రిఫరీ వాళ్ళను లోపలికి పిలిచి కొలిపిస్తాడు. నాలుగో ప్రయత్నంలో ఒక పిల్లాడు ఇద్దరిని ఈడ్చుకుంటూ వెళ్ళి పడ్డాడు. గొలుసు తెచ్చి లాగారు. అందరూ లేచి నిలబడ్డారు. బంతి ముక్కుకూ కర్రకూ మధ్య పిడికెడు సందు. "బెత్తెడు తక్కువైంది" అన్నాడు నాన్న, పక్కవాళ్ళకు తెలుగు రాదన్న ధ్యాస లేకుండా. వాళ్ళకూ అది అర్థమైంది. చివరికి ఊరి జట్టే గెలిచింది.

సగం ఆట విరామంలో హోమ్‌కమింగ్ రాజుకూ రాణికీ కిరీటాలు పెట్టారు. ఆలోగా మేం క్యాంటీన్ దగ్గర నిలబడ్డాం. మొక్కజొన్న చిప్స్ ప్యాకెట్‌ను పక్కనుంచి కోసి అందులోనే వేడి వేడి మాంసం కూర, చీజ్ వేసి ఇస్తారు, ఫ్రిటో పై అంటారు. మాంసం వద్దంటే చీజ్ వేసిన చిప్స్, ఉప్పునీళ్ళలో ఊరేసిన దోసకాయ ఇచ్చారు. ఆ దోసకాయ నాన్నకు నచ్చింది. ఆ క్యాంటీన్ నడిపేది పదకొండో తరగతి పిల్లల తల్లిదండ్రులు, వచ్చే డబ్బు పిల్లల ఖర్చులకే.

ఈ ఆట మీద నాకున్న భయం కూడా చెప్పాలి. తలకు తగిలే దెబ్బలు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది కానీ లోపల మెదడు కదలకుండా ఆపలేదు. టెక్సస్‌లో 2011 నుంచి ఒక చట్టం ఉంది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే పిల్లాడిని వెంటనే బయటికి తీసుకురావాలి, డాక్టరు రాసిస్తే తప్ప మళ్ళీ ఆడించకూడదు. అయినా మా అబ్బాయి ఈ ఆట ఆడతానంటే నేను ఒప్పుకోను. ఊరి పరువు మొత్తం పదిహేడేళ్ళ పిల్లల నెత్తిన పెడితే ఏమవుతుందో హెచ్. జి. బిస్సింజర్ 1990లో 'ఫ్రైడే నైట్ లైట్స్' పుస్తకంలో ఒడెస్సా పట్టణపు పెర్మియన్ జట్టు గురించి రాశాడు. తర్వాత అది సినిమా అయింది, సీరియల్ అయింది. ఒడెస్సా వాళ్ళు ఆ పుస్తకం మీద కోపగించుకున్నా, పిల్లల్ని పెంచేవాళ్ళంతా అది చదవాలంటాను. చదువు విషయంలో మాత్రం ఈ రాష్ట్రం మంచి పని చేసింది. 1984 చట్టంతో 'పాస్ కాకపోతే ఆట లేదు' అన్న నిబంధన తెచ్చింది. ఒక సబ్జెక్టులో 70 కన్నా తక్కువ వస్తే కొన్ని వారాల పాటు ఆటకు దూరం. ఆరుగురి జట్టులో ఒకడు లెక్కల్లో తప్పాడంటే ఊరంతా వాడికి ట్యూషన్ చెబుతుందని మా ఆఫీసావిడ అంది.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఇక్కడి బడుల సంగతి తెలియాలి. ప్రతి బడి జిల్లాకు సొంత పాలకమండలి ఉంటుంది, ఆస్తి పన్నులో సొంత వాటా ఉంటుంది. 1949లో గిల్మర్-ఐకిన్ చట్టాలు వచ్చాక చిన్న చిన్న జిల్లాలు వేలకొద్దీ పక్కవాటిలో కలిసిపోయాయి. ఇప్పుడు రాష్ట్రం మొత్తంలో వెయ్యి పైచిలుకే. బడి కలిసిపోయిన ఊళ్ళో టీచర్ల జీతాలు పోతాయి, బస్సు డ్రైవరు పని పోతుంది, పిల్లలున్న కుటుంబాలు బడి ఉన్న ఊరికి మారతాయి, ఆ వెనకే కిరాణా కొట్టు మూస్తారు. మన దగ్గరా పిల్లలు తగ్గారని బడి మూసి పక్క ఊళ్ళో కలిపినప్పుడు జరిగేది ఇదే. పిల్లలు తక్కువైతే బడిని తీసేయకుండా ఆట నియమాన్నే తగ్గించి రాసుకున్నాడు ఎప్లర్. అదే ఆయన్ని నేను తలుచుకోవడానికి కారణం. నాన్న కూడా ఆ మాటే పట్టుకున్నాడు. సింగరేణిలో కార్మికుల క్రీడా సంఘం తరఫున కబడ్డీ పోటీలు జరిగే రోజుల్లో ఏ ఇంక్లైన్‌లో మనుషులు తగ్గినా రెండు ఇంక్లైన్లను కలిపి ఆడించేవాళ్ళట. ఆట మాత్రం ఆపేవాళ్ళు కాదట.

చూడాలనుకునేవాళ్ళకు ఈ ఆటలు అందని పండేం కాదు. డాలస్ నుంచి గంటన్నర, రెండు గంటల దూరంలో ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. స్ట్రాన్ పక్కనే గోర్డన్ కూడా ఆరుగురి జట్టే. ఏ వారం ఎవరి మైదానంలో ఆటో బడి వాళ్ళే ముందుగా చెబుతారు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, అక్టోబరు దాటాక శాలువా కూడా. డిసెంబరులో జరిగే ఫైనల్స్‌కైతే ఈ ఆరుగురి పిల్లలు కూడా ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఆడే 80,000 సీట్ల స్టేడియంలోనే ఆడతారు.

వెళ్ళిపోయేటప్పుడు గేటు దగ్గరావిడతో నాన్న తన అనుమానం అడిగించాడు: "వచ్చే యేండ్లల్ల ఆరుగురు దొరకకపోతే ఎట్ల?" నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ వేళ్ళు మడిచి తరగతి తరగతికీ మగపిల్లల లెక్క అప్పజెప్పింది. ఎనిమిదికి బాగుంది, ఐదుకు కాస్త పలచన, కొత్తగా పొలం కొనుక్కుని వచ్చిన ఇంట్లో ముగ్గురున్నారు. "అప్పటికీ తక్కువైతే ఆడపిల్లలు లేరూ! ఆడొద్దన్న రూలేం లేదు. మా మనవరాలు రెండో తరగతి. బంతి పట్టడంలో మగపిల్లలెవరూ దానికి సాటి రారు" అని, ఆ పిల్లను కేకేసి పిలిచి నాన్నకు చూపించింది.